స్కాట్స్-ఐరిష్ పూర్వీకులను వెతికేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోకి పెన్సిల్వేనియా, టెనెసీ, కరొలైనా ప్రాంతాల నుంచి కోడళ్లూ అల్లుళ్లూ రావడం మొదలైన తర్వాత, మనవల కోసం వంశవృక్షం గీయబోయి రెండో వైపు కొమ్మ దగ్గర ఆగిపోయినవారు నన్ను అడుగుతున్న సందేహాలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. వాటిని అన్వేషణ సాగే క్రమంలో ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

స్కాట్స్-ఐరిష్ అంటే స్కాట్లాండు వాళ్లా, ఐర్లండు వాళ్లా?

స్కాట్లాండు నుంచి ఐర్లండుకూ, అక్కడి నుంచి అమెరికాకూ, అంటే రెండుసార్లు వలస వెళ్లిన వారి సంతతి. 1606 నుంచి ఆంట్రిమ్, డౌన్ కౌంటీలలోనూ, 1610 ప్రాంతం నుంచి రాజు పథకం ప్రకారం ఐర్లండు ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్‌లోని మరి ఆరు కౌంటీలలోనూ స్కాట్లాండు, ఇంగ్లండు నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్లకు భూములిచ్చి స్థిరపరిచారు. స్కాట్లాండు నుంచి వచ్చినవారిలో ఎక్కువమంది ఎయిర్‌షైర్, గాలొవే వంటి నైరుతి మైదానాలకూ, ఇంగ్లండు సరిహద్దు ప్రాంతాలకూ చెందిన ప్రెస్బిటేరియన్లు, అంటే బిషప్పులు లేకుండా సంఘపు పెద్దలే నడిపే ప్రొటెస్టెంట్ శాఖవారు. 1690లలో స్కాట్లాండులో వరుస కరవులు వచ్చినప్పుడు మరో పెద్ద గుంపు సముద్రం దాటి అల్‌స్టర్‌కు చేరింది. వీరి మనవలూ మునిమనవలూ 18వ శతాబ్దంలో అమెరికాకు వెళ్లారు. ఐర్లండులో వీరిని అల్‌స్టర్ స్కాట్స్ అంటారు. అమెరికాలో పాతకాలపు వాడుక స్కాచ్-ఐరిష్.

ఇంట్లో అందరూ స్కాచ్-ఐరిష్ అంటారు, కాగితాల్లో మాత్రం ఒట్టి ఐర్లండు అని ఉంది. ఏది నమ్మాలి?

రెండింటికీ పొంతన ఉంది. 18వ శతాబ్దపు గుమాస్తా అల్‌స్టర్ నుంచి వచ్చిన మనిషిని ఐర్లండు మనిషి అనే రాశాడు, వచ్చినవారు కూడా తమను అలాగే చెప్పుకున్నారు. 1840లలో బంగాళాదుంప తెగులు కరవు తర్వాత కేథలిక్ ఐరిష్ ప్రజలు లక్షలాదిగా రావడంతో, అంతకుముందే వచ్చినవారి సంతతి తాము వేరని చెప్పుకోవడానికి స్కాచ్-ఐరిష్ అనే మాటను గట్టిగా పట్టుకుంది. అందువల్ల ఇంట్లో ఆ మాట వినిపించినంత మాత్రాన అది రుజువు కాదు. ఆ కుటుంబపు పూర్వీకుడు మతం మారిన ఐరిష్ కేథలిక్కో, అల్‌స్టర్‌లో స్థిరపడిన ఇంగ్లీషువాడో అయివుండే అవకాశాన్ని కూడా తెరిచే ఉంచాలి.

వాళ్లు ఏ కాలంలో వచ్చి ఉంటారు? ఊరు వదిలి ఎందుకు వచ్చారు?

పెద్ద ఎత్తున వలస 1717, 1718లలో మొదలై, బ్రిటన్ మీద అమెరికా చేసిన విప్లవ యుద్ధం వల్ల 1775లో ఆగి, యుద్ధం ముగిశాక మళ్లీ సాగింది. 1718లో అల్‌స్టర్‌లోని బాన్ నది లోయ నుంచి మత గురువు జేమ్స్ మెక్‌గ్రెగర్ వెంట బోస్టన్‌కు వచ్చినవారిలో కొందరు న్యూ హ్యాంప్‌షైర్‌లో లండన్‌డెరీ అనే ఊరు కట్టుకున్నారు. తర్వాతివారిలో అత్యధికులు ఫిలడెల్ఫియా రేవులోనూ, డెలవేర్‌లోని న్యూకాసిల్ రేవులోనూ దిగారు.

మతపరమైన అణచివేతే కారణమని ఇళ్లలో చెప్పుకుంటారు. అందులో కొంత నిజం ఉంది, ఎందుకంటే 1704 చట్టం ప్రెస్బిటేరియన్లను ప్రభుత్వ పదవులకు దూరం చేసింది, తమది కాని, ప్రభుత్వ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చికి వారు పంటలో పదో వంతు కట్టవలసి వచ్చేది. అయితే వలస ఎప్పుడు ఉప్పెనలా పెరిగిందో చూస్తే కౌలు గడువులు ముగిసి భూస్వాములు కౌలు పెంచిన ఏళ్లూ, పంటలు పోయిన ఏళ్లూ, 1770ల ప్రారంభంలో నార బట్టల వ్యాపారం కుప్పకూలిన ఏళ్లూ కనిపిస్తాయి. నా దృష్టిలో కౌలు కాగితమే అసలు కారణం.

ఆన్‌లైన్‌లో వంశవృక్షం సిద్ధంగా దొరికింది, అది వాడుకోకూడదా?

దారి చూపే గుర్తుగా వాడుకోవచ్చు, ఆధారంగా మాత్రం వద్దు. ఒక వృక్షంలోని తప్పు వంద వృక్షాల్లోకి నకలు అవుతుంది, వంద చోట్ల కనిపించింది కదా అని నూటొకటో మనిషి నమ్ముతాడు. జేమ్స్, జాన్, విలియం, రాబర్ట్ అనే నాలుగు పేర్లతోనే సగం కౌంటీ నిండిపోయే సమాజం ఇది. ఒకే పేరుతో ఒకే వాగు పక్కన ఉన్న ఇద్దరిని ఒక్కడే అనుకుని నేను ఏడాది కాలం పోగొట్టుకున్నాను. ఇద్దరి భార్యల పేర్లు వేరువేరు దస్తావేజుల్లో కనిపించినప్పుడు గానీ నాకు తెలివి రాలేదు.

## అమెరికా కాగితాల్లో

నేరుగా ఐర్లండు రికార్డులు చూస్తే పని తొందరగా అవుతుంది కదా?

ఈ తొందరే ఎక్కువమందిని దారి తప్పిస్తోంది. అల్‌స్టర్‌లో ఆ ఇంటిపేరు వందల కుటుంబాలకు ఉంటుంది, వారిలో మీ వారెవరో చెప్పే మాట ఐర్లండులో ఎక్కడా రాసి ఉండదు. సముద్రం దాటి వెళ్లిపోయిన మనిషి ఏ ఊరివాడో, ఏ చర్చివాడో, ఎవరి అన్నదమ్ముడో తెలిపే కాగితం ఏదైనా ఉంటే అది అతను చనిపోయిన చోట, అంటే అమెరికాలోనే ఉంటుంది. వలస వచ్చిన మనిషిదే కాక అతని అన్నదమ్ములవి, బావమరుదులవి, పక్క పొలాలవారివి కూడా కాగితాలన్నీ చూశాకే సముద్రం వైపు చూడాలి.

1850కి ముందు జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంది. కుటుంబాన్ని ఎలా కూర్చాలి?

అమెరికా తొలి జనాభా లెక్కలు 1790లో జరిగాయి. 1840 దాకా యజమాని పేరు, మిగిలినవారి సంఖ్య మాత్రమే రాశారు. ఇంట్లోని స్వతంత్రులందరి పేర్లూ పుట్టిన రాష్ట్రమూ 1850 నుంచి, తల్లిదండ్రులు పుట్టిన చోటు 1880 నుంచి కనిపిస్తాయి. 1890 లెక్కలు దాదాపు మొత్తం పోయాయి. పాత కాలానికి పన్ను జాబితాలే ఆధారం, ఎందుకంటే అవి ఏటా రాసినవి. వర్జీనియాలో 16 ఏళ్లు నిండిన మగవాడు పన్ను లెక్కలోకి వచ్చేవాడు కనుక, ఒక పేరు మొదటిసారి ఏ ఏడు కనిపించిందో చూసి పుట్టిన ఏడాదిని అంచనా కట్టవచ్చు. ఒక పేరు మాయమై ఆ భూమి ఎస్టేటు పేరిట కనిపిస్తే మరణం ఎప్పుడో తెలుస్తుంది.

భూమి కాగితాలు ఏం చెబుతాయి? చదవడానికే విసుగు పుడుతోంది.

విసుగు నిజమే, అయినా ఈ అన్వేషణలో బంగారం ఉన్నది అక్కడే. పెన్సిల్వేనియాలో భూమి కావాలన్న మనిషికి మొదట వారంటు (భూమి కొలవమనే ఉత్తర్వు), తర్వాత సర్వే, చివరికి పట్టా వచ్చేవి. ఈ మూడింటికీ మధ్య ఇరవై ముప్ఫై ఏళ్లు గడిచిపోవచ్చు, ఈలోగా తండ్రి చనిపోయి పట్టా కొడుకు పేరిట రావచ్చు. అప్పుడు పట్టాలో ఆ వారసత్వం కథంతా రాస్తారు. సర్వే పటం మీద చుట్టుపక్కల పొలాలవారి పేర్లు ఉంటాయి. వీరు ఒంటరిగా కాక ఒకే చర్చివారుగా, ఒకే ఊరివారుగా కదిలారు కనుక లాంకాస్టర్ కౌంటీలో పక్క పొలంవాడే ముప్ఫై ఏళ్ల తర్వాత ఉత్తర కరొలైనాలో కూడా పక్క పొలంవాడై కనిపిస్తాడు. ఫిలడెల్ఫియా నుంచి షెనండోవా లోయ మీదుగా కరొలైనాకు సాగిన గ్రేట్ వాగన్ రోడ్డు వెంట ఆ పొరుగువారి గుంపును వెంబడిస్తే, మీ మనిషి కాగితం లేని చోట పొరుగువాడి కాగితం దొరుకుతుంది.

వర్జీనియా కాగితాలలో మరో గుట్టు ఉంది. 1785 చట్టం మార్చేదాకా, వీలునామా లేకుండా తండ్రి చనిపోతే భూమి మొత్తం పెద్ద కొడుక్కే దక్కేది. ఒక మనిషి కొన్నట్టు దస్తావేజు ఎక్కడా లేని భూమిని అమ్మినట్టు దస్తావేజు ఉంటే, అతను ఆ భూమి పాత యజమానికి పెద్ద కొడుకు అయివుండవచ్చు. తండ్రి వీలునామా రాసినా పెద్ద కొడుకు పేరు అందులో లేకపోతే అతను లేడని అర్థం చేసుకోకూడదు, ముందే వాటా ఇచ్చివుండవచ్చు.

వర్జీనియాలోని ఆరెంజ్ కౌంటీ కోర్టులో 1740 ప్రాంతంలో చాలామంది హాజరై, తాము సొంత ఖర్చుతో ఐర్లండు నుంచి ఫిలడెల్ఫియా మీదుగా వచ్చామని ప్రమాణం చేసి తలకు 50 ఎకరాల హక్కు కోరారు. భార్యాపిల్లల పేర్లు కూడా చెప్పారు. అలాంటి కాగితం దొరకడం అదృష్టం.

మా పూర్వీకుడు విప్లవ యుద్ధంలో పోరాడాడని అంటారు. దాని వల్ల ఉపయోగం ఉందా?

చాలా ఉంది. 1832 చట్టం కింద పింఛను కోరిన ముసలి సైనికుడు ఎక్కడ, ఏ ఏడు పుట్టాడో, యుద్ధం తర్వాత ఎక్కడెక్కడ నివసించాడో కోర్టులో ప్రమాణం చేసి చెప్పాలి. కొందరు ఐర్లండులోని కౌంటీ పేరు కూడా చెప్పారు. వితంతువు పెట్టుకున్న దరఖాస్తులో పెళ్లి తేదీ, కొన్నిసార్లు కుటుంబ బైబిలు నుంచి చింపి జతచేసిన పుట ఉంటాయి. ఈ దస్త్రాలు జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పింఛను దొరకనివారి దరఖాస్తులు కూడా చూడండి, నిరాకరణకు గురైన మనిషి ఎక్కువ వివరంగా మాట్లాడతాడు.

చర్చి పుస్తకాల్లో బాప్తిస్మం వివరాలు దొరకడం లేదు. వాళ్లు ప్రెస్బిటేరియన్లు కారా?

అమెరికాలో జనం కొత్తగా స్థిరపడుతున్న సరిహద్దు ప్రాంతాల్లో మత గురువులు చాలా తక్కువ. ఒక్కరే నాలుగైదు సంఘాలు చూసుకునేవారు, పుస్తకం గురువు సొంత ఆస్తిలా ఆయన వెంటే వెళ్లిపోయేది. గురువు లేని చోట తర్వాతి తరం బాప్టిస్టు, మెథడిస్టు సంఘాల్లో కలిసిపోయింది. బాప్తిస్మ పుస్తకం లేకపోతే సెషన్ పుస్తకం వెతకండి. అందులో సంఘపు పెద్దలు తాగుడు, తగాదాలు, పెళ్లికి ముందు గర్భం వంటి విషయాలపై జరిపిన పంచాయతీలు ఉంటాయి, పేర్లూ బంధుత్వాలూ ధారాళంగా బయటపడతాయి. ఒక సంఘం నుంచి మరో సంఘానికి వెళ్లేవారు తెచ్చుకునే యోగ్యతా పత్రాలు కూడా అప్పుడప్పుడు దొరుకుతాయి. ఫిలడెల్ఫియాలో 1852లో ఏర్పడిన ప్రెస్బిటేరియన్ హిస్టారికల్ సొసైటీలో వీటి పెద్ద సేకరణ ఉంది.

వీలునామాలో కజిన్ అని రాశారు, మరోచోట అతన్నే మేనల్లుడన్నారు. పేరు చివర జూనియర్ ఉంటే కొడుకే కదా?

ఆ కాలంలో కజిన్ అనే మాట మేనల్లుడికి, అన్న కొడుక్కి, దూరపు చుట్టానికి కూడా చెల్లేది. పెదనాన్న, బాబాయి, మేనమామ, మామయ్య అని దేనికది వేరు పేరున్న మన భాషకు అలవాటు పడినవారికి ఇది తలనొప్పే. జూనియర్ అంటే ఆ ఊళ్లో అదే పేరున్న ఇద్దరిలో చిన్నవాడని మాత్రమే అర్థం. పెద్దవాడు చనిపోగానే నిన్నటి జూనియర్ సీనియర్ అయిపోవచ్చు.

ఆడవాళ్ల పుట్టింటి పేరు ఎలా తెలుస్తుంది?

కొడుకులకు పెట్టిన పేర్లలో వెతకండి. తల్లి పుట్టింటి పేరును కొడుక్కి మొదటి పేరుగానో మధ్య పేరుగానో పెట్టడం వీరిలో బాగా ఉంది. వీరికి పేర్ల వరుస కూడా ఒకటి ఉంది: మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు, మూడో కొడుక్కి తండ్రి పేరు. ఆడపిల్లల్లో మొదటిదానికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నాయనమ్మ పేరు. తాత పేరు మనవడికి పెట్టే మన ఇళ్లవారికి ఇది వింతగా అనిపించదు. అయితే ఈ వరుసను అందరూ పాటించలేదు, చిన్నప్పుడే పోయిన బిడ్డ పేరును తర్వాతి బిడ్డకు మళ్లీ పెట్టేవారు. కనుక అది ఊహకే తప్ప రుజువుకు పనికిరాదు. భర్త భూమి అమ్మినప్పుడు భార్య తన హక్కు వదులుకుంటూ చేసే సంతకం, మామగారి వీలునామాలో అల్లుడి పేరు, ఇవీ గట్టి ఆధారాలు.

కౌంటీ కోర్టు అంతర్యుద్ధంలో కాలిపోయిందట. ఇక దారి లేదా?

ఉంది. రాష్ట్ర స్థాయి భూమి పట్టాలు, పైకోర్టు వ్యాజ్యాలు, పక్క కౌంటీ దస్తావేజులు వేరే చోట భద్రంగా ఉంటాయి. మంట తర్వాత యజమానులు తమ పాత దస్తావేజులను మళ్లీ రిజిస్టరు చేయించుకున్నారు. కాబట్టి మంట జరిగిన తేదీ తర్వాతి పుస్తకాల్లో దానికి ముందు నాటి కాగితాలు వెతకండి.

## సముద్రం మీద

ఓడ పేరు, ప్రయాణికుల జాబితా ఎక్కడ దొరుకుతాయి?

1820కి ముందు వచ్చినవారికి చాలావరకు దొరకవు. అమెరికా ప్రభుత్వం 1819లో చట్టం చేసి 1820 నుంచి జాబితాలు అడిగింది. 1727 నుంచి ఫిలడెల్ఫియాలో రాసిన జాబితాలు జర్మన్ల వంటి విదేశీయులవి. అల్‌స్టర్ వాళ్లు ముందే బ్రిటిష్ రాజుకు ప్రజలు కనుక వారిచేత విధేయతా ప్రమాణం చేయించనవసరం లేకపోయింది. 1773 నుంచి 1776 దాకా బ్రిటన్ రాయించిన వలసల పట్టికలో ఇంగ్లండు, స్కాట్లాండు రేవులే ఉన్నాయి, ఐర్లండు లేదు.

దక్షిణ కరొలైనా ఒక్కటీ మినహాయింపు. 1761లో చట్టం చేసి ప్రొటెస్టెంట్ వలసదారులకు ప్రోత్సాహకం ఇచ్చినందువల్ల, 1760లలో చార్లెస్టన్ కౌన్సిల్ పుస్తకాల్లో కోరినవారి పేర్లు నమోదయ్యాయి.

ఓడ దొరకనంత మాత్రాన కథ ఆగదు. ఈ ప్రయాణాల వెనుక అవిసె గింజల వ్యాపారం ఉంది. సన్నని నార కోసం అల్‌స్టర్ రైతులు గింజ ముదరకముందే మొక్కను పీకేవారు, అందువల్ల విత్తనాన్ని ఏటా అమెరికా నుంచి తెప్పించుకోవలసి వచ్చేది. గింజలు దింపిన ఓడలు తిరుగు ప్రయాణంలో మనుషులను ఎక్కించుకున్నాయి. డెరీ, బెల్‌ఫాస్ట్, న్యూరీ, లార్న్ రేవుల నుంచి బయలుదేరే ఓడల ప్రకటనలు 1737లో మొదలైన బెల్‌ఫాస్ట్ న్యూస్‌లెటర్ పత్రికలో వచ్చేవి. వాటిలో ప్రయాణికుల పేర్లు ఉండవు. అయినా ఏ రేవు నుంచి ఏ రేవుకు దారి ఉండేదో తెలుస్తుంది, దాన్ని బట్టి ఏ కౌంటీలో వెతకాలో ఊహించవచ్చు.

ఎల్లిస్ ఐలాండ్‌లో అధికారులు ఇంటిపేరు మార్చేశారా?

న్యూయార్క్ రేవులోని ఈ వలసదారుల తనిఖీ కేంద్రాన్ని 1892లో తెరిచారు, అప్పటికి మీ పూర్వీకులు వచ్చి నూరేళ్లు దాటింది. అక్షరాల తేడా చెవికి విన్నట్టు రాసుకున్న గుమాస్తాల వల్ల వచ్చింది. ఒకే మనిషి ఒకే దస్తావేజులో మూడు రకాలుగా కనిపించవచ్చు. మ్యాక్ అని పూర్తిగా రాస్తే స్కాట్, మెక్ అని కుదించి రాస్తే ఐరిష్ అనే మాటకు ఆధారం లేదు.

## అల్‌స్టర్ కాగితాల్లో

టౌన్‌ల్యాండ్ అంటే పట్టణమా?

కాదు. ఐర్లండులో భూమిని గుర్తించే అతి చిన్న విభాగం అది, మన రెవెన్యూ గ్రామం కంటే చిన్నది. దేశం మొత్తం మీద 60,000కు పైగా ఉన్నాయి. కొన్ని టౌన్‌ల్యాండ్‌లు కలిస్తే పారిష్, పారిష్‌లు కలిస్తే బారనీ, ఆపైన కౌంటీ. పాత జాబితాలన్నీ ఈ వరుసలోనే కూర్చినందువల్ల, కౌంటీ పేరు తెలిస్తే గడ్డివాము దగ్గరికి వచ్చినట్టు, టౌన్‌ల్యాండ్ పేరు తెలిస్తే సూది చేతికి అందినట్టు. అమెరికాలో సమాధి రాయి మీదనో, పత్రికలో మరణవార్తలోనో, కుటుంబ ఉత్తరంలోనో కనిపించే వింత పేరును తప్పుగా రాశారని కొట్టేయకండి, అది చెవికి విన్నట్టు రాసిన టౌన్‌ల్యాండ్ పేరు కావచ్చు.

ఐర్లండు రికార్డులన్నీ 1922లో కాలిపోయాయి కదా?

1922 జూన్ 30న డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు ధ్వంసమైంది. 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కలు కొన్ని ముక్కలు మినహా, వీలునామాలు, ఆంగ్లికన్ చర్చి పుస్తకాల్లో సగానికి పైగా పోయాయి. 1861 నుంచి 1891 దాకా జరిగిన లెక్కలను అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. ఆ పాపాన్ని మంట మీదికి నెట్టడం అన్యాయం. ప్రెస్బిటేరియన్ సంఘాల పుస్తకాలు ఆ భవనంలో లేవు కనుక కాలలేదు. 1708 నుంచి నడిచిన రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్ (దస్తావేజుల నమోదు కార్యాలయం) వేరే భవనంలో ఉండి బతికింది. కాలిన వాటికి అంతకుముందు పండితులు రాసుకున్న నకళ్లూ, సంగ్రహాలూ చాలా ఉన్నాయి, వాటిని చేర్చి 2022లో వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారం మొదలుపెట్టారు.

1700లలో వచ్చినవారి కోసం అల్‌స్టర్‌లో చూడదగిన జాబితాలు ఏవి?

1630 నాటి సైనిక జాబితాలో అల్‌స్టర్ భూస్వాముల కింద ఆయుధం పట్టగల మగవారి పేర్లున్నాయి. 1660లలో పొయ్యికింత అని వేసిన పన్ను జాబితాలు, 1740 నాటి ప్రొటెస్టెంట్ కుటుంబ యజమానుల జాబితా, 1766 నాటి మత గణన పాక్షికంగానే మిగిలాయి. 1796 నాటి అవిసె సాగుదారుల జాబితాలో దాదాపు 60,000 పేర్లున్నాయి. అప్పటికి మీ మనిషి వెళ్లిపోయి ఉండవచ్చు, అతని అన్నదమ్ములు మాత్రం అక్కడే ఉంటారు. ఇవన్నీ కుటుంబ యజమానుల పేర్లే, తండ్రీకొడుకుల సంబంధం చెప్పవు. ఎస్టేటు కాగితాల్లోని కౌలు పత్రాలు ఆ లోటు తీరుస్తాయి. కౌలు గడువును ముగ్గురి ప్రాణాలకు ముడిపెట్టేవారు, ఆ ముగ్గురిలో రైతు చిన్న కొడుకు పేరు తరచుగా వయసుతో సహా ఉంటుంది.

మా వాళ్లు 1800 తర్వాత వచ్చారు. మాకు సులువేనా?

కొంత సులువే. 1823 నుంచి 1837 దాకా రాసిన పదో వంతు పన్ను పుస్తకాలు, పన్ను కోసం భూముల విలువ కడుతూ 1847 నుంచి 1864 దాకా జరిగిన గ్రిఫిత్ మదింపు టౌన్‌ల్యాండ్ వారీగా కౌలుదార్ల పేర్లు ఇస్తాయి. కేథలిక్‌లు కానివారి పెళ్లిళ్ల నమోదు 1845లో, జనన మరణాల నమోదు 1864లో మొదలైంది. పూర్తిగా మిగిలిన తొలి జనాభా లెక్కలు 1901వి.

బెల్‌ఫాస్ట్‌కు వెళ్లాలా, డబ్లిన్‌కు వెళ్లాలా?

అల్‌స్టర్ తొమ్మిది కౌంటీలలో ఆరు ఇప్పుడు ఉత్తర ఐర్లండులో, డోనెగాల్, కావన్, మొనాహన్ ఐర్లండు రిపబ్లిక్‌లో ఉన్నాయి. ఎస్టేటు కాగితాలకూ సంఘాల పుస్తకాల మైక్రోఫిల్ములకూ బెల్‌ఫాస్ట్‌లోని ఉత్తర ఐర్లండు పబ్లిక్ రికార్డ్ ఆఫీసే మొదటి గమ్యం. రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్ కోసం డబ్లిన్.

స్కాట్లాండులోని అసలు ఊరిదాకా వెళ్లగలమా?

చాలా అరుదు. 1610లో దాటి వచ్చిన రైతుకు స్కాట్లాండు పారిష్ పుస్తకాల్లో ఆనవాలు మిగలడం కష్టం, మిగిలినా అతనే ఇతనని చెప్పే కాగితం ఉండదు. భూస్వామి ఎక్కడి నుంచి వచ్చాడో చూస్తే అతని కౌలుదార్లు ఏ ప్రాంతం వారో ఊహించవచ్చు.

## డీఎన్ఏ, మరికొన్ని

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఏ ఊరో తేలిపోతుందా?

శాతాలు చూపే జాతి పటం ఇక్కడ దాదాపు పనికిరాదు. స్కాట్లాండు నైరుతికీ అల్‌స్టర్‌కీ మధ్య వేల ఏళ్ల రాకపోకలు ఉన్నాయి, ఆ రెండింటినీ విడదీయడం దానికి చేతకాదు. ఎనిమిది తరాల కిందటి ఒక పూర్వీకుడి నుంచి మనకు వచ్చే వాటా సగటున 0.4 శాతం, అసలు రాకపోవచ్చు కూడా. అందువల్ల ఇంట్లో అందరికంటే పెద్దవారికి ముందు పరీక్ష చేయించండి. వై డీఎన్ఏ గోత్రంలాగా తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది. ఇంటిపేరూ అదే దారిన నడిచింది కనుక, అల్‌స్టర్‌లో ఇప్పటికీ ఉన్న అదే ఇంటిపేరు మనిషితో సరిపోలితే, కాగితాలు చూపిన దారికి బలం చేకూరుతుంది.

తేదీ 1731/2 అని రాసి ఉంది. ఏ ఏడాది?

మన లెక్కలో 1732. స్కాట్లాండు మినహా బ్రిటిష్ రాజ్యంలో 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అందుకే జనవరి 1 నుంచి మార్చి 24 దాకా రెండు ఏళ్లూ రాసేవారు.

పూర్వీకుడు అల్‌స్టర్‌వాడని రుజువైతే మా పిల్లలకు ఐరిష్ పౌరసత్వం వస్తుందా?

తాతో అమ్మమ్మో నాయనమ్మో ఐర్లండు ద్వీపంలో పుట్టి ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. ముత్తాత ద్వారా రావాలంటే, పిల్లవాడు పుట్టకముందే అతని తల్లో తండ్రో తమ పేరును ఐర్లండు విదేశీ జననాల పుస్తకంలో నమోదు చేయించి ఉండాలి. 1700లలో వచ్చిన పూర్వీకుడి వల్ల రాదు.